కొననివారి లెక్కలో వ్యాపార ప్రకటన

వ్యాపార ప్రకటనల మంచిచెడ్డలను చర్చించిన పుస్తకాలలో ఎక్కువ భాగం ఆ వృత్తిలో ఆరితేరినవారు రాసినవే కావడం వల్ల, సరుకును అమ్మించినది మంచి ప్రకటన, ఖర్చుకు తగిన అమ్మకం చూపలేనిది చెడ్డ ప్రకటన అన్న కొలత వాటిలో దాదాపు స్థిరపడిపోయింది. ఆ కొలతకు తోడుగా వృత్తిలోనివారు మరి రెండు లెక్కలు వేస్తారు. ప్రకటన ఎంతమంది కంట, ఎంతమంది చెవిన పడిందన్న దానిని వారు రీచ్ అంటారు. అలా పడినవారిలో ఎంతమందికి ఆ సరుకు పేరు తర్వాత గుర్తుందన్న దానిని రీకాల్ అంటారు. ఇవన్నీ ప్రకటనకు డబ్బు పెట్టినవాడి తరఫున వేసిన లెక్కలు. పెట్టుబడి పెట్టినవాడు తన సొమ్ముకు లెక్క అడగడంలో తప్పు లేదు గాని, ప్రకటన అతనికీ కొనుగోలుదారుకూ మధ్య మాత్రమే నడిచే వ్యవహారం కాదన్న సంగతి ఆ లెక్కలలో ఎక్కడా కనిపించదు.

ఒక కొత్త స్కూటరు ప్రకటన దినపత్రిక మొదటి పేజీ నిండా అచ్చయిందనుకుంటే, దానిని చూసిన లక్షలమంది పాఠకులలో ఆ ఏడాది స్కూటరు కొనే ఆలోచన ఉన్నవారు కొద్దిమంది, వారిలో ఆ కంపెనీ స్కూటరే కొనేవారు ఇంకా కొద్దిమంది. తక్కినవారందరూ ఆ వ్యవహారానికి బయటివారు. వారు ప్రకటనను అడగలేదు, దాని వల్ల వారికి వచ్చేదీ లేదు; అయినా అది వారి ఉదయపు కాఫీ వేళలో, బస్సు కిటికీలో నుంచి కనిపించే ఆకాశంలో, రెండు పాటల మధ్య విరామంలో చోటు చేసుకుంటుంది. అందువల్ల ప్రకటనను తూచవలసిన మరొక పద్ధతి ఉంది. సరుకు కొనని మనిషి దగ్గర ఆ ప్రకటన ఏమి వదిలిపెట్టి వెళ్లింది, లేదా అతని దగ్గర నుంచి ఏమి పట్టుకుపోయింది అని అడగడమే ఆ పద్ధతి. ఈ ప్రశ్న వేసినప్పుడు వృత్తిలోనివారు మెచ్చి బహుమతులిచ్చిన ప్రకటనలు కొన్ని తేలిపోతాయి, వారు పట్టించుకోని కొన్ని నిలబడతాయి.

మంచి ప్రకటన నిజం చెప్పాలి, చెడ్డది అబద్ధం చెబుతుంది అన్నది ఈ విషయంలో అందరికీ ముందుగా తోచే మాట, అందులో కొంత సత్యం ఉంది కాబట్టి మొదట దాని సంగతి చూడడం మేలు. 1891 నవంబరులో లండన్ పత్రికలలో కార్బాలిక్ స్మోక్ బాల్ అనే వస్తువు ప్రకటన వెలువడింది. అది కార్బాలిక్ ఆమ్లపు పొడి నింపిన రబ్బరు బంతి. దాని గొట్టాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని బంతిని నొక్కితే లోపలి పొడి పొగలా ముక్కులోకి వెళుతుంది. ఫ్లూ జ్వరం ఇంగ్లాండును కుదిపేస్తున్న రోజులవి. చెప్పిన ప్రకారం రోజుకు మూడుసార్లు చొప్పున రెండు వారాలు వాడిన తర్వాత కూడా ఎవరికైనా ఫ్లూ సోకితే 100 పౌన్లు ఇస్తామనీ, తమ మాటలోని నిజాయితీకి గుర్తుగా 1000 పౌన్లు బ్యాంకులో వేసి ఉంచామనీ కంపెనీ ప్రకటించింది. లూయిజా కార్లిల్ అనే ఆవిడ బంతి కొని, నియమం తప్పకుండా వాడి, 1892 జనవరిలో ఫ్లూ తెచ్చుకుని, డబ్బు అడిగింది. ప్రకటనలో రాసినదంతా వ్యాపారులు మామూలుగా కొట్టుకునే డప్పేగాని దానిని ఎవరూ వాగ్దానంగా తీసుకోరని కంపెనీ వాదించింది. బ్యాంకులో డబ్బు వేశామని రాసినవాడు ఊరికే డప్పు కొట్టుకున్నానని తర్వాత తప్పించుకోలేడని అప్పీలు కోర్టు తీర్పు ఇచ్చి, ఆమెకు 100 పౌన్లు ఇప్పించింది.

ఈ కేసు న్యాయశాస్త్ర విద్యార్థులందరికీ కంఠస్థమే గాని, దాని తరువాయి ముచ్చట అంత ప్రచారంలో లేదు. ఓడిపోయిన యజమాని కొద్ది కాలానికే మరో ప్రకటన వేశాడు. వేలమంది వాడితే 100 పౌన్లు అడిగినవారు ముగ్గురే కాబట్టి మందు పనిచేస్తున్నట్టేనని అందులో చెప్పుకుని, ఈసారి బహుమతిని 200 పౌన్లకు పెంచాడు, కిందనేమో షరతులు బిగించాడు. కోర్టులో ఓడిన వాదనను పత్రికలో గెలుపుగా అమ్ముకోగలగడం ఆ వృత్తికి పుట్టుకతో వచ్చిన విద్య. షరతులను కింద చిన్న అక్షరాలలో వేసే అలవాటు కూడా అలాంటిదే. భారత ప్రభుత్వం 2022 జూన్‌లో జారీ చేసిన మార్గదర్శకాలలో, ప్రకటనలోని షరతు అసలు మాట ఏ భాషలో ఉందో ఆ భాషలోనే, అదే అక్షరరూపంలో, కంటికి ఆనే చోట ఉండాలని ప్రత్యేకంగా రాయవలసి వచ్చింది. తెలుగులో ఊరించి ఇంగ్లీషులో షరతు పెట్టడం అంతగా పాతుకుపోయింది. రేడియో శ్రోతలకైతే ఈ సంగతి వేరే వివరించనక్కరలేదు. పెట్టుబడి పథకాల ప్రకటన చివర మార్కెట్ రిస్కు గురించిన హెచ్చరికను ఊపిరి తీసుకోకుండా చదివేయడం ఒక కళగా సాగిన కాలాన్ని వారు విని ఉన్నారు.

డప్పుకూ వాగ్దానానికీ తేడా గీయడం తర్వాతి కాలంలో చాలా దేశాల చట్టాలకు ఆధారమైంది. ప్రపంచంలోకెల్లా రుచికరమైన టీ అన్నది డప్పు, దానిని ఎవరూ పరీక్షకు పెట్టరు. ఈ టీ తాగితే చక్కెర వ్యాధి తగ్గుతుందన్నది వాగ్దానం, దానికి రుజువు చూపాలి. మనదేశంలో 1954లో వచ్చిన డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం ఈ రెండో రకంపైనే గురిపెట్టి, మధుమేహం, క్యాన్సర్ వంటి కొన్ని వ్యాధులను నయం చేస్తామంటూ మందుల ప్రకటనలు వేయడాన్ని నిషేధించింది. ఆ చట్టం వాక్‌స్వాతంత్ర్యానికి విరుద్ధమని మందుల సంస్థ హమ్‌దర్ద్ దవాఖానా సుప్రీంకోర్టుకు వెళ్లినప్పుడు, ఇలాంటి మందుల అమ్మకం కోసం వేసే ప్రకటన వాక్‌స్వాతంత్ర్యపు పరిధిలోకి రాదని 1959లో కోర్టు తేల్చింది. అయితే వ్యాధుల జాబితాను ప్రభుత్వం తన ఇష్టప్రకారం పెంచుకునే వీలిచ్చిన భాగాన్ని మాత్రం కొట్టివేసింది. మూడున్నర దశాబ్దాల తర్వాత, 1995లో, టాటా ప్రెస్ వేసిన వ్యాపార ఫోను డైరెక్టరీ గురించిన కేసులో అదే కోర్టు వ్యాపార ప్రకటన కూడా రాజ్యాంగం రక్షించే భావప్రకటనలో భాగమేనని చెప్పింది. ఆ తీర్పులో బయటివారు గమనించవలసిన మాట ఒకటుంది. వాక్‌స్వాతంత్ర్యమంటే చెప్పేవాడి హక్కు ఒక్కటే కాదని, వినేవాడికీ చదివేవాడికీ ఆ మాట అందుకునే హక్కు కూడా అందులో ఉందని కోర్టు అన్నది. అంటే ప్రకటనకు రాజ్యాంగ రక్షణ దొరికింది కొంతవరకు వినేవాడి పేరు చెప్పుకునే. వినేవాడి పేరున తెచ్చుకున్న రక్షణను వినేవాడికి నష్టం కలిగేలా వాడుకోవడం ఎంతవరకు న్యాయమన్న ప్రశ్న అక్కడి నుంచి సహజంగా పుడుతుంది.

నిజం చెప్పడం ఒక్కటే చాలదనడానికి పాలపొడి ప్రకటనలు సాక్ష్యం. డబ్బాపాలలో ఫలానా పోషకాలున్నాయన్న మాట అబద్ధం కాకపోవచ్చు; బొద్దుగా నవ్వే పసివాడి బొమ్మ కూడా అబద్ధం కాదు. కాని ఆ బొమ్మను చూసిన తల్లికి తన పాలు చాలవేమోనన్న అనుమానం కలిగితే, శుభ్రమైన నీరు దొరకని ఇంట్లో ఆ పొడిని పలచగా కలిపి పడితే, బిడ్డకు వచ్చే విరేచనాలకు ప్రకటనలోని ఏ వాక్యమూ బాధ్యత వహించదు. ప్రపంచ ఆరోగ్య సభ 1981లో ఇటువంటి ప్రచారాన్ని అరికట్టే నియమావళిని ఆమోదించడానికీ, భారతదేశం 1992లో శిశు పాల ప్రత్యామ్నాయాల చట్టం చేసి ఆ ప్రకటనలను పూర్తిగా నిషేధించడానికీ, డబ్బా మీద పసిపిల్లల బొమ్మలు సైతం వేయకూడదని శాసించడానికీ కారణం ఇదే. ఇక్కడ చట్టం ప్రకటన నిజమా అబద్ధమా అన్న విచారణలోకే దిగలేదు. అది చూసిన మనిషిలో ఏమి జరుగుతుందన్న దానినే లెక్కలోకి తీసుకుంది.

లేని వెలితిని ముందు పుట్టించి తర్వాత దానికి మందు అమ్మడం ఈ వృత్తిలో పాత పద్ధతే. అమెరికాలో లిస్టరిన్ అనే పుక్కిలింత మందును 1920లలో నోటి దుర్వాసనకు విరుగుడుగా ప్రచారం చేసినప్పుడు, పెళ్లి కుదరని అమ్మాయిల బొమ్మలు వేసి, కారణం నోటి వాసనేనని, ఆ సంగతి ప్రాణస్నేహితులు కూడా చెప్పరని భయపెట్టారు. అదే మందు జలుబును ఆపుతుందని దశాబ్దాల పాటు ప్రకటించగా, 1975లో అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఒక అరుదైన శిక్ష వేసింది. ప్రకటన ఆపితే సరిపోదని, ఇకపై కోటి డాలర్ల విలువైన ప్రకటనలలో ఈ మందు జలుబును ఆపదని కంపెనీయే చెప్పుకోవాలని ఆదేశించింది. దీనిని దిద్దుబాటు ప్రకటన అంటారు. అబద్ధం ఆగిపోయినా అది విన్నవారి తలలో పాతుకున్న నమ్మకం ఆగదని, దానిని పెకలించే ఖర్చు కూడా నాటినవాడే భరించాలని ఆ ఆదేశం గుర్తించింది. అయితే గమనించవలసినదేమంటే, జలుబు గురించిన అబద్ధానికి శిక్ష పడింది గాని, పెళ్లికాని అమ్మాయిలకు కలిగించిన భయానికి ఏ కమిషనూ శిక్ష వేయలేదు. దానికి కొలత లేదు.

మనదేశంలో ఈ కొలత లేని నష్టానికి పెద్ద ఉదాహరణ తెల్లబరిచే క్రీముల ప్రకటనలు. 1975లో మార్కెట్లోకి వచ్చిన ఫెయిర్ అండ్ లవ్లీ తన ప్రకటనలలో చాలాకాలం ఒకే కథ చెప్పింది: చామనఛాయ అమ్మాయికి పెళ్లి కుదరదు లేదా ఉద్యోగం రాదు, క్రీము రాసుకున్న కొన్ని వారాలకు రెండూ వస్తాయి. ఐద్వా వంటి మహిళా సంఘాలు 2000ల మొదట్లో దీనిపై పోరాడాయి. ప్రకటనరంగం తనను తాను అదుపు చేసుకోవడానికి 1985లో ఏర్పాటు చేసుకున్న అడ్వర్టైజింగ్ స్టాండర్డ్స్ కౌన్సిల్, 2014లో గాని నల్లని చర్మం గలవారిని దిగులుగా, అనాకర్షకంగా, జీవితంలో వెనుకబడినట్టుగా చూపరాదన్న నియమం పెట్టలేదు. 2020లో ఆ క్రీము పేరు గ్లో అండ్ లవ్లీగా మారింది. క్రీము కొన్న అమ్మాయి డబ్బు పోయినా ఒక ట్యూబు చేతికి వచ్చింది. ఏనాడూ కొనని అమ్మాయి, ఇంట్లో టీవీ నడుస్తున్నందుకు మాత్రమే ఆ కథ వందలసార్లు చూసిన అమ్మాయి, పెళ్లిచూపుల నాడు బంధువుల నోట అదే మాట విన్న అమ్మాయి ఈ బేరంలో ఎక్కువ నష్టపోయింది. తెలుగు పత్రికల పెళ్లి సంబంధాల శీర్షికలో రంగు ఇప్పటికీ ఒక అర్హతగా సాగుతూ ఉండడానికి పూర్తి నేరం క్రీము కంపెనీలది కాదు. వారు పుట్టించని దురభిమానాన్ని వారు కోట్ల రూపాయలు పోసి పెంచి పోషించారు, అంతవరకు నిజం.

ఇదే తూకంలో వేస్తే బరువు తూగే ప్రకటనలూ ఉన్నాయి, వాటిలో ఒకటి తెలుగువారి చరిత్రలోనే ఉంది. కృష్ణా జిల్లా నుంచి వెళ్లిన కాశీనాథుని నాగేశ్వరరావు 1893లో బొంబాయిలో అమృతాంజనం స్థాపించి, సంగీత సభలకు వచ్చినవారికి దానిని ఉచితంగా పంచి ప్రచారం చేశాడని ప్రసిద్ధి. తలనొప్పి మందుకు అంతకన్నా సూటి ప్రకటన లేదు. వాడినవాడికి పది నిమిషాలలో నిజం తేలిపోతుంది, తేలాక కొనడమో మానడమో అతని ఇష్టం. ఆ మందు లాభాలతో ఆయన 1908లో బొంబాయిలోనే ఆంధ్రపత్రికను వారపత్రికగా ప్రారంభించి, 1914లో మద్రాసుకు తరలించి దినపత్రికగా మార్చి, 1924లో భారతి సాహిత్య పత్రికను నెలకొల్పాడు. అమృతాంజనం సీసా ఏనాడూ కొనని పాఠకుడికి కూడా ఉగాది సంచికలూ, భారతిలోని పరిశోధన వ్యాసాలూ, స్వాతంత్ర్యోద్యమ వార్తలూ అందాయి. సరుకు అమ్మిన డబ్బు కొననివారికి చదువై తిరిగి రావడం వ్యాపార చరిత్రలో తరచుగా జరిగే సంగతి కాదు.

రేడియో చరిత్రలో దీనికి సాటి రాగల ఉదాహరణ బినాకా గీత్‌మాలా. 1952లో కేంద్ర సమాచార మంత్రిగా వచ్చిన బి.వి.కేస్కర్ హయాంలో ఆకాశవాణి నుంచి సినిమా పాటలు దాదాపు కనుమరుగైనప్పుడు, అదే ఏడాది సిలోన్ రేడియోలో బినాకా టూత్‌పేస్టు ఖర్చుతో అమీన్ సయానీ నడిపిన ఆ కార్యక్రమం దేశాన్నంతటినీ బుధవారం రాత్రి రేడియో పెట్టెల ముందు కూర్చోబెట్టింది. విన్నవారిలో వేపపుల్లతో, బొగ్గుపొడితో పళ్లు తోముకునేవారే ఎక్కువ. వారికి టూత్‌పేస్టుతో పని లేదు, పాటలతో ఉంది. కంపెనీ ఆ పాటలకు ధరగా అడిగినది తన పేరు నాలుగుసార్లు వినడం మాత్రమే. ఆకాశవాణి 1957 అక్టోబరు 3న వివిధభారతిని ప్రారంభించడానికీ, 1967 నవంబరు 1 నుంచి దానిలో వ్యాపార ప్రకటనలను అనుమతించడానికీ ఈ పోటీ దారి తీసింది. ప్రకటన చరిత్రలో ప్రభుత్వ విధానాన్ని శ్రోతకు మేలు జరిగే దిక్కుకు మళ్లించిన సందర్భంగా దీనిని చెప్పుకోవచ్చు.

గ్రామాలలో గోడల మీద కనిపించే రాతలు ఇంతకన్నా నిరాడంబరమైనవి. ఎరువుల కంపెనీయో సిమెంటు కంపెనీయో పంపిన పెయింటరు రోడ్డువైపు గోడ ఒకటి చూసుకుని, ఇంటివారిని అడిగి, ముందు సున్నం కొట్టి, ఆరిన తర్వాత దారం పట్టి గీతలు లాగి, నీలం రంగుతోనో ఎరుపు రంగుతోనో మూరెడు మూరెడు అక్షరాలతో పేరు రాసి, అడుగున ఆ ఊరి డీలరు పేరు వేసి వెళ్లిపోతాడు. ఇంటివారికి ఒక పక్క గోడకు ఖర్చు లేకుండా వెల్ల పడుతుంది, ఊరికి కొత్తగా వచ్చినవాడికి ఎరువుల కొట్టు ఎవరిదో తెలుస్తుంది, కొత్తగా అక్షరాలు కూడబలుక్కుంటున్న పిల్లవాడికి బడికి పోయే దారిలో చదువుకోవడానికి పెద్ద అక్షరాలు దొరుకుతాయి. దాని ఎదుట నగరంలో చెట్ల కొమ్మలు నరికించి, రాత్రంతా కళ్లలోకి వెలుగు కొట్టే హోర్డింగు ఎంత ఖరీదైనదైనా బయటివారి లెక్కలో అప్పే మిగులుస్తుంది. హోర్డింగులన్నీ అలాంటివేనని కాదు. 1966 నుంచి సిల్వెస్టర్ డకున్హా బృందం అమూల్ వెన్న కోసం వేస్తూ వచ్చిన బొమ్మలు వారం వారం దేశంలో జరుగుతున్నదాని మీద ఒక చమత్కారం విసిరి పోతాయి గాని, వెన్న తినని వారిని వెన్న తినమని వేధించవు. ఇక 1980లలో సర్ఫ్ కోసం అలీక్ పదంసీ బృందం తీర్చిన లలితాజీ పాత్ర, చవక పొడి కిలోకు తన పొడి అరకిలో సమానమని వాదించినప్పుడు, ఆ వాదన సరైనదో కాదో ఏ ఇల్లాలైనా తన బకెట్లోనే తేల్చుకునే వీలుంది. ఆ వాదన విని కూడా లక్షలమంది చవక పొడి నిర్మానే కొన్నారు, అంటే వారు లెక్క వేసుకునే కొన్నారు. వినేవారిని తెలివైనవారిగా చూసిన ప్రకటనకు అది ఓటమి కాదు.

అయితే ఈ లెక్కలో ఒక చిక్కు ఉంది, దానిని దాటవేయడం సరికాదు. దినపత్రిక కాగితం, అచ్చు, పంపకం ఖర్చు పాఠకుడు చెల్లించే ధరకు మించి ఉంటుంది; ఆ లోటు ప్రకటనలే పూడుస్తాయి. అంటే చెడ్డ ప్రకటన సైతం కొననివాడికి చవకగా పత్రికను అందిస్తోంది. కాని ఆ సాయానికి ప్రతిఫలంగా వార్త అమ్ముడుపోతే ఇచ్చినదంతా వెనక్కి పోయినట్టే. 2009 ఎన్నికలలో అభ్యర్థుల ప్రచారాన్ని డబ్బు తీసుకుని వార్తలుగా వేశారన్న ఆరోపణలపై ఆంధ్రప్రదేశ్ వర్కింగ్ జర్నలిస్టుల సంఘం స్వయంగా పరిశీలన జరిపి బయటపెట్టడం, ప్రెస్ కౌన్సిల్ నియమించిన ఉపసంఘంలో తెలుగు పాత్రికేయుడు కె.శ్రీనివాసరెడ్డి సభ్యుడై 2010లో నివేదిక ఇవ్వడం అప్పటి ఉమ్మడి రాష్ట్రపు పత్రికా రంగానికి ఒకేసారి సిగ్గూ గౌరవమూ. ప్రకటన తాను ప్రకటననని చెప్పుకున్నంత కాలం చదివేవాడు కొంత జాగ్రత్తలో ఉంటాడు. వార్త వేషం వేసుకున్న నాడు ఆ జాగ్రత్త కూడా దోపిడీకి గురవుతుంది. ఆ ఒక్క కారణానికే దీనిని అన్ని రకాల చెడ్డ ప్రకటనల కంటే కింద చేర్చవలసి ఉంటుంది.

తెలుగు రాష్ట్రాలకు సంబంధించినంత వరకు, ఈ తూకంలో అన్నిటికన్నా నిదానంగా చూడవలసినవి కార్పొరేట్ కళాశాలల ర్యాంకుల ప్రకటనలు. ఇంటర్మీడియట్ ఫలితాలో, జేఈఈ, నీట్ వంటి ప్రవేశపరీక్షల ఫలితాలో వెలువడిన మర్నాడు దినపత్రికకు తొడుగుగా జాకెట్ వస్తుంది. అంటే అసలు మొదటి పేజీని కప్పుతూ పూర్తి పేజీ ప్రకటన ఉంటుంది. పైన అక్షరాల కన్నా అంకెలే పెద్దవిగా మొదటి ర్యాంకులు, వాటి కింద యూనిఫారంలో, నుదుట బొట్టుతో, కెమెరా వైపు కాస్త బెదురుగా చూసే పిల్లల ఫోటోలు వరుసలు వరుసలుగా, ప్రతి ఫోటో కింద పేరు, హాల్‌టికెట్ నంబరు, మార్కులు. కిందికి పోయేకొద్దీ ఫోటోలు చిన్నవై, చివరి వరుసలలో ముఖాలు పోల్చుకోవడానికి వీలుండదు. టీవీలోనూ రేడియోలోనూ ఈ సంఖ్యలు పాటలోని పల్లవిలా తిరిగి తిరిగి వినిపిస్తాయి, ఒకటి, ఒకటి, రెండు, రెండు అంటూ సాగే ఆ గొంతు రెండు రాష్ట్రాలలో వినని ఇల్లు ఉండదు. అంత పెద్ద కాగితం మీద ఒక సంఖ్య మాత్రం కనిపించదు: ఆ సంస్థ నుంచి మొత్తం ఎంతమంది పరీక్ష రాశారన్నది. లక్షమంది రాస్తే పదిమందికి ర్యాంకు రావడానికీ, వందమంది రాస్తే పదిమందికి రావడానికీ ఉన్న దూరం తండ్రి వేసే ఫీజు లెక్కకు ఎంతో అవసరం, కాని ఆ భిన్నంలో కింది అంకెను దాచి పై అంకెను మాత్రమే అచ్చు వేస్తారు. ఒకే ర్యాంకరు ఒకే ఉదయం రెండు సంస్థల ప్రకటనలలో నవ్వుతూ కనిపించడం కూడా జరిగేదే. ఒకచోట రెండేళ్లు చదివి ఉంటాడు, మరోచోట నమూనా పరీక్షలు రాసి ఉంటాడు.

ఇది కొనుగోలుదారుకు జరిగే మోసం. బయటివారి లెక్క వేరే ఉంది. ఆ ఉదయం పత్రిక తెరిచిన ఇళ్లలో ఆ సంస్థలో చేరని పిల్లలు, చేరే స్తోమత లేని పిల్లలు, ప్రభుత్వ జూనియర్ కళాశాలలో చదివి నిజాయితీగా అరవై శాతం తెచ్చుకున్న పిల్లలు ఉంటారు. ముందురోజు సాయంత్రం వరకు ఆ మార్కులు ఒక సామాన్యమైన విజయం. జాకెట్ వచ్చిన ఉదయానికి అవి ఫోటో పడని మార్కులుగా మారిపోతాయి. ఫోటో పడిన పిల్లవాడి పరిస్థితి కూడా పూర్తిగా మంచిదనలేము, పదిహేడేళ్ల వయసులో అతని ముఖం ఒక సంస్థ వచ్చే ఏడాది అడ్మిషన్లకు పెట్టుబడి అయింది, ఆ పెట్టుబడిలో అతనికి వాటా లేదు. ఫలితాల వేళ తెలుగు రాష్ట్రాలలో ఏటా వినవలసి వస్తున్న విద్యార్థుల ఆత్మహత్యలకు ప్రకటనలే కారణమనడం తొందరపాటు. ఇల్లు, బడి, పరీక్షల పద్ధతి, సీట్ల కొరత అన్నీ అందులో ఉన్నాయి. అయినా ఓడినవారిని వేలెత్తి చూపని ప్రకటనగా ఈ జాకెట్‌ను ఎవరూ సమర్థించలేరు. గెలిచినవారి ముఖాలను అంత పెద్దవిగా వేయడంలోనే మిగిలినవారి పేరు చెప్పకుండా చెప్పడం ఉంది.

వినియోగదారుల రక్షణ చట్టం 2019 ప్రకారం ఏర్పడిన కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ, తప్పుదారి పట్టించే ప్రకటనకు మొదటిసారి 10 లక్షల రూపాయల దాకా, మళ్లీ చేస్తే 50 లక్షల దాకా జరిమానా వేయగలదు. తగిన విచారణ లేకుండా సరుకును మెచ్చుకున్న ప్రముఖులను ఏడాది పాటు, మళ్లీ చేస్తే మూడేళ్ల పాటు ప్రకటనలకు దూరంగా ఉంచగలదు. ఈ సంస్థ 2024 నవంబరు 13న కోచింగ్ రంగం ప్రకటనలకు ప్రత్యేక మార్గదర్శకాలు జారీ చేసింది. విజేతల ఫోటోలు, పేర్లు వాడుకోవాలంటే ఫలితం వచ్చిన తర్వాత వారి నుంచి రాతపూర్వకమైన అంగీకారం తీసుకోవాలని, ఆ విద్యార్థి తీసుకున్న కోర్సు ఏదో, ఎంతకాలం చదివాడో, ఫీజు కట్టి చదివాడో లేదో ఫోటో పక్కనే చెప్పాలని అందులో ఉంది. చేరేనాడే సంతకం పెట్టించుకున్న అంగీకారం ఇకపై చెల్లదు. సివిల్ సర్వీసుల కోచింగ్ సంస్థలు కొన్ని, ఉచితంగా ఇచ్చే ఇంటర్వ్యూ శిక్షణకు మాత్రమే వచ్చిన విజేతలను తమ పూర్తికాలపు విద్యార్థులుగా చూపుకుంటున్నట్టు విచారణలలో తేలడం ఈ నియమాలకు నేపథ్యం.

ఈ నియమాలు ఫీజు కట్టే తండ్రికి మేలు చేస్తాయి. ఫీజు కట్టని ఇంటి పిల్లవాడికి జరిగిన నష్టం మాత్రం వాటికి అందదు, ఎందుకంటే అతని విషయంలో ఎవరూ తప్పుదారి పట్టించలేదు. అచ్చు వేసిన ర్యాంకులన్నీ నిజమైనవే అయి, కోర్సుల వివరాలన్నీ పక్కనే ఉన్నా అతని ఉదయం అలాగే ఉంటుంది. 2022 మార్గదర్శకాలలో పిల్లలను ఉద్దేశించిన ప్రకటనలు వారికి తమ శరీరం పట్ల చిన్నచూపు కలిగించరాదన్న నియమం ఒకటి చేరింది. తమ చదువు పట్ల, తమ బడి పట్ల చిన్నచూపు కలిగించరాదన్న మాట అక్కడ లేదు, చేర్చడం అసాధ్యమూ కాదు. వినియోగదారుల రక్షణ చట్టం 17వ సెక్షన్ ప్రకారం వినియోగదారుల సమూహానికి హాని చేసే తప్పుదారి ప్రకటనపై ఫిర్యాదును జిల్లా కలెక్టరుకు కూడా రాతపూర్వకంగానో ఎలక్ట్రానిక్ పద్ధతిలోనో పంపవచ్చు; ఫిర్యాదు చేసేవారు ఆ సరుకు కొని ఉండాలని గాని, ఆ సంస్థలో ఫీజు కట్టి ఉండాలని గాని ఆ సెక్షన్ ఎక్కడా అడగదు. అడ్వర్టైజింగ్ స్టాండర్డ్స్ కౌన్సిల్ సైతం సాధారణ ప్రజల ఫిర్యాదులను రుసుము లేకుండానే తీసుకుంటుంది. జాకెట్ ప్రకటన వచ్చిన మర్నాడు కలెక్టరు కార్యాలయానికి, మొత్తం ఎంతమంది పరీక్ష రాశారో ఆ కాగితంలో ఎక్కడా లేదని చూపుతూ ఒక ప్రభుత్వ జూనియర్ కళాశాల అధ్యాపకుడు రాసే ఉత్తరానికి ఈనాటి చట్టంలోనే చోటుంది.